పక్కవాడి వంతు గాలి

మా బాబాయి పోయారు. ఈశాన్య కొండల్లో, లోతైన ఓ మంచినీటి గుహలో. శరీరం ఇంకా అక్కడే ఉంది. "సాహసవీరుడు" అని ఏలూరులో ఫ్లెక్సీ కట్టారు. నేనే చింపేశాను. ఆ మాట ఆయనకు గిట్టదు.

ఆకివీడు చేపల చెరువుల్లో ఈత నేర్చి, ఓడరేవులో నీటి అడుగున డైవర్‌గా పనిచేసి, చివరికి గుహల మీద మనసుపడ్డ మనిషి. నీళ్లు నిండిన ఆ గుహల్లో పైకి తేలడానికి ఉండదు, నెత్తిన రాయే. వెళ్తూ కట్టిన తాడు పట్టుకునే వెనక్కి రావాలి. అందుకే వట్లూరులో ఇంటి వరండా స్తంభం నుంచి గేటు దాకా తాడు కట్టి, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను కళ్లు మూసుకుని నడవమనేవారు.

"బట్టలారేసుకోవచ్చా అండీ?" అనేది పక్కింటావిడ.

"ఆరేయండి. గుహలో మాత్రం అడ్డాలుండవా!"

సిలిండర్‌లో గాలి మూడు వంతులు. వెళ్లడానికొకటి, రావడానికొకటి. మూడోది? "అది నీది కాదురా, పక్కవాడిది. మోసేది మాత్రం నువ్వు." పంచుకోవడం గురించి ఎన్నో కరపత్రాలు చదివాను. వీపున మోసి చూపించింది ఈయనొక్కరే.

అయినా ఎగతాళి చేసేవాణ్ణి: "మొదటి వంతు అవగానే వెనక్కి తిరిగేవాళ్లతో ఉద్యమాలు నడవవు బాబాయ్!"

"కండక్టరుతో గొడవపడి భీమడోలులోనే దిగిపోయావటగా. ముందు ఏలూరు దాకా రావడం నేర్చుకో."

వార్త చెప్పడానికి ఆయనతో దిగిన కుర్రాడే వచ్చాడు. లోపల అతని సిలిండర్ పాడైంది. బురద లేచి దారి కనబడక ఆలస్యమైంది. మిగిలిన గాలి ఒక్కరికే సరిపోతుంది. బాబాయి తన సిలిండర్ అతనికి తగిలించి, తాడు చేతిలో పెట్టి, ముందుకు తోశారు.

అతని చొక్కా పట్టుకున్నాను. "ఎలా వదిలేసి వచ్చావు? మళ్లీ దిగండి, తీసుకురండి!"

"మేడంగారు ఊఁ అంటే రేపే దిగుతానండీ" అన్నాడు, పిన్ని వైపు చూస్తూ.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "వద్దు నాన్నా. ఆయన కోసం ఇంకొకళ్ల ప్రాణం అడగను." నా వైపు తిరిగి, "చొక్కా వదిలి, అతనికి అన్నం పెట్టు" అంది.

పిన్ని మాటే న్యాయం. నా కోపం మాత్రం చల్లారలేదు. పక్కవాడి వంతు దాచమన్నారు బాబాయి, నమ్మాను. సొంత వంతు కూడా ఇచ్చేయాలని ఎప్పుడు చెప్పారు?

కుర్రాడు వెళ్తూ వరండా దగ్గర ఆ తాడు పట్టుకున్నాడు. పట్టపగలు. కళ్లు తెరిచే ఉన్నాడు. అయినా చెయ్యి తియ్యకుండా నడిచాడు. గేటు దగ్గర తాడు అయిపోయింది. అతను వదల్లేదు.