లాగితే మోగని అకార్డియన్

నేను పని మానేయడానికి రెండేళ్ల ముందు ఎండాకాలంలో మా కాటేదాన్ కార్ఖానాకు మొదటి అకార్డియన్ వచ్చింది. మాది హార్మోనియంలు బాగుచేసే చోటు. మూడో తరగతితో చదువు ఆపేసిన ఆడదాన్నైనా, రీడ్లు, అంటే గాలికి మోగే లోహపు రేకులు, సరిచేసే బల్ల మీద నేనే పెద్ద మిస్త్రీని.

తెచ్చినతను విన్సెంట్. శంషాబాద్ దారిలో విమాన ప్రయాణికులు దిగే హోటల్లో జాజ్ వాయిస్తాడు. ఆ సంగీతంలో పాట వరస ఒకసారి వినిపించి, తర్వాత వాయించేవాడు సొంతంగా అల్లుకుంటూ పోతాడు. పదకొండేళ్లు పాడేవాళ్ల వెనక కూర్చున్న విన్సెంట్‌కు తొలిసారి ఒంటరిగా వాయించే అవకాశం దొరికింది.

అకార్డియన్‌లో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు. తిత్తి నొక్కితే ఒకటి, లాగితే ఒకటి మోగుతుంది. గాలి అటూ ఇటూ పోకుండా సన్నని తోలుముక్కలుంటాయి. లాగినప్పుడు లేవాల్సినవి చివికిపోయాయి. హార్మోనియం తిత్తికి కోయగా మిగిలిన తోలు పారేయడం ఎందుకని దాన్నే అంటించాను. నొక్కి చూశాను, అన్నీ పలికాయి. హార్మోనియంలో రీడ్లకు గాలి ఒకవైపే కనుక, లాగి చూడాలని తోచలేదు.

ఆ సాయంత్రమే కచేరీ. మధ్యాహ్నం అకార్డియన్ అప్పజెప్పడానికి పనిముట్ల సంచి కూడా పట్టుకుని హోటల్‌కు వెళ్లాను. విన్సెంట్ మెల్లగా లాగాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏందమ్మా, గిది పాడుతలేదు, గురక పెడుతున్నది!"

"నొక్కి వాయించరాదు?"

"లాగుడు లేకుంటే సగం మాట మింగినట్టే. చిన్నగ మొదలువెడితేనే కదా పెద్దగయ్యేది. గా తబలా లేదు, పాట లేదు, నాకున్నది గీ గాలొక్కటే."

ఏడింటిలోగా కాకపోతే పియానో అతన్ని కూర్చోబెడతానన్నాడు మేనేజర్. మా కార్ఖానా యజమాని సేటు ఫోన్ చేశాడు: "ఇగ వదిలెయ్ అక్కా, వాపసొచ్చెయ్."

"చెడగొట్టింది నేను. బాగు చేసినంకనే వస్త," అని పెట్టేశాను.

తోలు మందం. మెల్లటి గాలికి లేవడం లేదు. ఒక్కోటి ఊడదీసి, బ్లేడుతో గీకి పలచన చేసి, మళ్లీ అంటించాను.

"అమ్మా, ఆరున్నరాయె!"

"గడియారం నేనూ చూస్తున్న. నువ్వు లాగు."

నలభై ఒక్క స్వరాలు లాగించి విన్నాను. రెండు మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఏడింటికి విన్సెంట్ ఒక్కడే కూర్చున్నాడు. మొదటి స్వరాన్ని లాగుతూ ఎత్తుకున్నాడు. వినీ వినపడనట్టు మొదలై, హాలంతా నిండి, మళ్లీ సన్నగిల్లింది. మేనేజర్ పియానో మూత వేశాడు.

మర్నాటి నుంచి కార్ఖానాలో ఒక నియమం పెట్టాను. ఏ వాద్యమైనా విప్పేముందు ఒకసారి, ఇచ్చేముందు ఒకసారి దాని మనిషే మా ఎదుట వాయించాలి. పొద్దు వృథా అని సేటు సణిగాడు. నేను ఒప్పుకోలేదు. రీడు పలికిందో లేదో మిస్త్రీ చెప్పగలదు. వాద్యం బాగైందో లేదో చెప్పాల్సింది వాయించే మనిషి.