చెలమలో మొదటి కడవ

నా తోడికోడలి మీద నాకు అసూయ పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. చిత్రభాను సంవత్సరం, చైత్రమాసం, చివరి శుక్రవారం. అంతకు ముందు నాకు ఆమె మీద ఉన్నది జాలి. జాలిపడేంత ఎత్తులో ఉన్నాను కాబట్టి అది నాకు సులువుగానే వచ్చేది.

మా ఇళ్ళు ఏటి నడుమ ఉండేవి. తిరుపతికి ఎగువన స్వర్ణముఖి రెండు పాయలుగా చీలి, కొంత దూరం పోయి మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల మధ్య మిగిలిన మెరకను తిప్ప అనేవాళ్ళం. వానల్లో రెండు పక్కలా నీళ్ళు, తక్కిన నెలల్లో రెండు పక్కలా ఇసుక. పలమనేరు, బంగారుపాళ్యం వైపు నుంచి కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చే బండ్లు ఒక పాయ ఇసుక దాటేసరికి ఎద్దులు నురగలు కక్కేవి. రెండో పాయలోకి దిగే ముందు తిప్ప మీద కాడి విప్పక తప్పదు. ఆ విప్పే బయలును నమ్ముకునే మేము పదకొండు ఇళ్ళవాళ్ళం బతికాం. చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి, గడ్డి అమ్మే ఆమె, వక్కాకు అంగడి, మా అత్తగారి పూటకూళ్ళ ఇల్లు. అత్తగారికి కళ్ళు మసకబారాక గంటె నా చేతికి వచ్చింది.

మంచినీళ్ళకు బావి లేదు. ఇసుకలో చెలమ తవ్వుకునేవాళ్ళం. మోకాలి లోతు గుంట తీస్తే చాలు, అడుగున నీళ్ళు ఊరేవి. వరద తీసిన ప్రతి ఏడూ ఇంటి పెద్దకోడలు పసుపు కుంకుమ పెట్టి, మొదటి పార వేసి, కొత్త చెలమ తీయాలి. రోజూ తెల్లవారుజామున రాత్రి నీళ్ళు సొరబుర్రతో తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీళ్ళలో మొదటి కడవ ఆమే ముంచుకోవాలి. రెండోకోడలు తన కడవ పట్టుకుని గట్టున నిలబడాలి. ఆ మొదటి కడవతోనే నేను ఎసరు పెట్టేదాన్ని. ఇసుక వడగట్టిన నీళ్ళు. అన్నం మల్లెపూలలాగా విడిపోయేది.

చిత్రభానుకు రెండేళ్ళ ముందు, విక్రమ సంవత్సరంలో అన్నదమ్ములు వేరుపడ్డారు. బండ్లదారి వైపున్న ముందు సగం మాకు, ఏటి వైపున్న వెనక సగం చిన్నవాళ్ళకు. ఆ సగమే అడగమని నా భర్తకు చెప్పింది నేనే.

"బండెక్కినోడు దారి పక్కనే కదా ఆగేది! ఏటి గాలి తాగేదానికి ఎవుడన్నా ఎనక్కి పోతాడా?" అన్నాను.

అప్పటికి తిప్ప మీద ఎవరిని అడిగినా ఆ మాటే అనేవాళ్ళు. చెలమను మాత్రం అత్తగారు పంచనివ్వలేదు. "పొయ్యిలు రెండు పెట్టుకోండి. నేనుండేవరకు చెలమ మాత్రం ఒకటే. ముందు పెద్దది ముంచాల, తర్వాత చిన్నది" అంది. నా తోడికోడలు వెనకపక్క పాకలో ఇడ్లీ, కాఫీ పెట్టింది. అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువ. మిగిలిన ఇడ్లీలు సాయంత్రం నా పిల్లలకు తెచ్చిపెట్టేది. పాపం అనుకునేదాన్ని.

చైత్రం చివరి శుక్రవారం మద్రాసు నుంచి ఒక కుటుంబం వచ్చింది. యుద్ధం రోజులు. పట్నం మీద బాంబులు వేస్తారనే భయంతో కలిగినవాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని మా జిల్లాకు వస్తున్నారు. ఆ బండి నా వాకిటే ఆగింది. పెద్ద బొట్టు పెట్టుకున్న ఇల్లాలు, దగ్గుతున్న ఆమె అత్త, కోటు తొడుక్కున్న మొగుడు. ఇల్లాలు అరవంలో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. అన్నం అని చూపించాను, మజ్జిగ అని చూపించాను. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు నా తోడికోడలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక నుంచి వచ్చింది. ఆమె పుట్టిల్లు నగరి, మగ్గాలవాళ్ళు. ఆ పక్క అరవం పాలతోపాటే వస్తుంది. గలగల నాలుగు మాటలు మాట్లాడింది. ఇల్లాలు నవ్వింది, దగ్గే ముసలామె కూడా నవ్వింది.

"ముసలామెకు మిరియాల రసం కావాలంట అక్కా. అంతే!" అంది నాతో.

అంతే. నా వాకిట్లో ఆగిన బండి లోపలి మనుషులు లేచి ఆమె వెంట వెనక్కి పోయారు. నేను గంటె పట్టుకుని నిలబడ్డాను.

ఆ ముసలామెకు ఏటి గాలి పడింది. ఆ రాత్రి దగ్గకుండా నిద్రపోయిందట. వాళ్ళు నా మరిది ఇంటి పంచ అద్దెకు తీసుకున్నారు. తర్వాత పాక, ఆ తర్వాత సంవత్సరం తిరక్కుండానే వెనక సగమంతా మంచి ధరకు కొన్నారు. మిద్దె లేచింది. వాళ్ళ చుట్టాలు మరి రెండు మిద్దెలు కట్టారు. దారి పక్క నా సగాన్ని ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఎద్దుల కంపు, దుమ్ము అన్నారు.

మరుసటి ఏడు స్వభానులో, బండ్లు విప్పే బయలును దాని సొంతదారు, ఒడ్డునున్న ఆసామి, వాళ్ళకే అమ్మేశాడు. ముళ్ళకంచె వేసి లోపల రంగురంగుల ఆకుల మొక్కలు పెట్టారు. కాడి విప్పే చోటు లేక బండ్లు దిగువన ఇంకో రేవు వెతుక్కున్నాయి. బియ్యానికి రేషను చీటీలు వచ్చాయి. గడ్డి అమ్మే ఆమె కూతురింటికి పోయింది. వక్కాకు అంగడిలో సోడాలు, బిస్కత్తులు పెట్టారు. గుడిసెల అద్దె పెరిగి, ఉన్నవాళ్ళలో సగం మంది లేచిపోయారు. కమ్మరి తన తిత్తి బండిలో వేసుకుంటూ నా వాకిట ఆగాడు.

"ఉండరాదా అన్నా?" అన్నాను.

"ఈళ్ళ కారుకు లాడం కొట్టమంటే ఉంటానమ్మా! అడిగి సూడు, మీ చెల్లెలి చేతిలోనే కదా అంతా ఉండాది" అన్నాడు.

నిజమే. మిద్దె వంటిల్లు నా తోడికోడలిదే. నడుముకు తాళంచెవుల గుత్తి. పెంకుల గది ఒకటి వాళ్ళకు ఊరికే ఇచ్చారు. నా మరిది చొక్కా వేసుకుని తిరిగేవాడు. నా భర్త అప్పటికీ తుండుగుడ్డే. ఆమె నడిచి వస్తుంటే ఆ గుత్తి చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినిపించేది. చక్కెర దొరకని ఆ రోజుల్లో ఒకసారి కాగితంలో కట్టి చక్కెర తెచ్చింది. "పిల్లోళ్ళకు అక్కా" అంది. ఆమె మలుపు తిరిగాక తీసుకుపోయి చీమల పుట్ట మీద పోశాను.

ఒక్కటి మాత్రం నాకు మిగిలింది. మిద్దెలో చేరినా, తన ఇంటి కడవకు ఆమె రోజూ చెలమకే వచ్చేది. గట్టున నిలబడేది. నేను ముంచుకున్నాకే దిగేది. తాళంచెవులు ఉన్నా సరే.

ఆ పై ఏడు తారణలో అత్తగారు పోయింది. ఆ ఏడే మిద్దెవాళ్ళు ఏటి గట్టున, ఒకప్పటి మా వెనక సగంలో, లోతు బావి తవ్వించి నూనె ఇంజను బిగించారు. ఇంటి నిండా కొళాయిలు, మొక్కలకు కాలువలు. పొద్దస్తమానం డగడగమని చప్పుడు. వేసవి రాకముందే నా చెలమ అడుగంటింది. మోకాలి లోతు నడుం లోతయింది. వచ్చేవి బురదనీళ్ళు. ఆమె కడవ రావడం మానేసింది.

బండ్లు తగ్గినా పాత వాడుక మీద వచ్చేవాళ్ళు కొందరు ఉండేవారు. వాళ్ళతోనే పొయ్యి వెలుగుతోంది. వాళ్ళలో బంగారుపాళ్యం పెద్దాయన ఒకడు. ఏటా నా చేతి అన్నం తిన్నాకే కొండెక్కేవాడు. ఒకరోజు రెండో ముద్దకే చెయ్యి ఆపాడు.

"ఏంది మే, అన్నం మన్ను వాసన కొడతాది? మీ అత్త ఉన్నెప్పుడు ఇట్లా ల్యాకపాయె."

ఆ రాత్రి నా భర్త అన్నాడు: "కొళాయి నీళ్ళు పట్టకరా. నీ చెల్లెలే కదా ఆడుండేది."

"దాని కొళాయికి నేను పోవల్నా?"

"పోకుంటే పొయ్యి ఆర్పు. ఈ నీళ్ళతో ఎవురు తింటారు?"

అవతలి పాయలో చెలమ తీసి అక్కడి నుంచి మోశాను. వైశాఖం ఎండకు అదీ ఎండింది. పార్థివ సంవత్సరం, వైశాఖ పౌర్ణమి తెల్లవారుజామున కడవ తీసుకుని మిద్దె వెనక్కి వెళ్ళాను. నేను ముందు సగం కోరుకున్నప్పుడు వదిలేసిన చోటు అదే. సిమెంటు గచ్చు మీద కొళాయి. నా తోడికోడలు అప్పుడే తన కడవ దాని కింద పెట్టి తిప్పింది. మిద్దె పనివాళ్ళు ఇద్దరు బిందెలతో నిలబడ్డారు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను.

నన్ను చూసి ఆమె కొళాయి కట్టేసింది. పావు వంతు నిండిన తన కడవను పక్కకు జరిపింది.

"యాడ నిలబడుకోనుండావు అక్కా? ఇట్లా రా" అంది. పనివాళ్ళతో, "జరగండప్పా! మా ఇంటి పెద్దకోడలు. ముందు ఆమే పట్టుకోవాల" అంది.

నా చేతిలోంచి కడవ తీసుకుని తానే కొళాయి కింద పెట్టింది. ఎగతాళి ఉందేమోనని మొహం చూశాను. లేదు. ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అని తిరిగి వచ్చేదాన్ని. నీళ్ళు తేటగా ఉన్నాయి, మా పాత చెలమ నీళ్ళే. ఆమె నా తల మీద చుట్టకుదురు సర్ది కడవ ఎత్తింది.

ఇన్నేళ్ళూ మొదటి కడవ నాది. ఎవరూ ఇవ్వక్కర్లేకుండా నాది. ఆ రోజు అది ఆమె ఇస్తే నాకు వచ్చింది. బేరం, మిద్దె వంటిల్లు, తాళంచెవులు పోగా, నన్ను గౌరవించే మంచితనం కూడా ఆమెకే చేరింది.

ఆ నీళ్ళతో ఎసరు పెట్టాను. అన్నం మల్లెపూలలాగే విడిపోయింది. తిన్నవాళ్ళు బాగుందన్నారు. మధ్యాహ్నం గిన్నెలన్నీ తోమి బోర్లించి, మిగిలిన ఆ కడవ నీళ్ళే పొయ్యిలో పోశాను. ఆ పొయ్యి మళ్ళీ వెలిగించలేదు. జ్యేష్ఠం రాకముందే నా భర్త తిరుపతిలో ఒక సత్రం వంటపనికి కుదిరాడు. మా సగాన్ని కూడా చివరికి ఆ మిద్దెవాళ్ళే కొన్నారు, కారు నిలుపుకోవడానికి.

ఇప్పుడు తిరుపతిలో మా వీధి చివర కొళాయి ఉంది. తల నెరిసినదాన్నని ఎవరైనా "ముందు మీరు పట్టుకోండమ్మా" అంటారు. నేను వరసలో నా చోటు వదలను.