బోటు రాదని చెప్పాను

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నికోబార్‌లో ఒక చిన్న దీవి బడిలో టీచరుగా చేశాను. అక్కడ ఊరి పెద్దని కెప్టెన్ అంటారు. మా ఊరి కెప్టెన్ నన్ను బేటీ అనేవాడు. నాకు జ్వరమొస్తే ఆయన కూతురు గంజి కాచి ఇచ్చేది. సునామీ వాళ్ల పాత ఊరిని ఊడ్చేశాక, వాళ్లని తెచ్చి ఇవతలి ఒడ్డున రేకుల ఇళ్లలో పెట్టారు. పాత ఊరికి తిరిగి వెళ్లాలని ఆయన పట్టు. ఆ నేల సర్కారు ప్రాజెక్టుకి కావాలని ఆఫీసు పట్టు. కెప్టెన్లందరి మాటా విన్నాకే తేలుస్తామన్నారు. మీటింగ్ పెద్ద దీవిలో.

ముందురోజు ఆఫీసరు నన్ను పిలిచాడు. పోర్ట్ బ్లెయిర్ ట్రాన్స్‌ఫర్ కోసం నేనెంత తిరుగుతున్నానో ఆయనకి తెలుసు. అక్కడే షాదీపూర్‌లో మా అమ్మ దగ్గరున్న నా కూతురు నన్ను చూస్తే ఏడవడం మొదలుపెట్టింది, కొత్తమనిషిని చూసినట్టు. మీటింగుకి తీసుకెళ్లే బోటు రాదని నేను చెప్తే వాళ్లు నమ్ముతారట. అంతే అడిగాడు.

వెళ్లేసరికి కెప్టెన్ కొబ్బరి చెక్కలు ఆరబెడుతున్నాడు. మీటింగుకి వేసుకోడానికి ఉతికిన చొక్కా తాడు మీదుంది.

"చాచా, రేపు బోటు రాదంట. ఇంజన్ ఖరాబ్ అయింది. మీటింగ్ వాయిదా."

ఆయన సముద్రం కేసి చూశాడు. గాలి లేదు. ఒక్క పిట్ట కూడా అరవట్లేదు.

"పక్కా నా, బేటీ?"

"పక్కా, చాచా."

"ఠీక్ హై. నువ్వు చెప్తే ఇంకేముంది."

మర్నాడు బోటు అవతలి జెట్టీ నుంచి వెళ్లిపోయింది. ఆ నేల ఇవ్వడానికి ఎవరూ కాదనలేదని మీటింగులో రాసుకున్నారు. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

మొన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే, జంగ్లీఘాట్‌లో చేపలు కొంటుంటే ఆయన కూతురు ఎదురైంది. పాత ఊరి కొబ్బరితోటలోకి మిషన్లు దిగాయంది. ఆయన అమ్ముడుపోయాడని ఊరే అందట. పెద్దరికం తీసేశారు. ఎందుకు వెళ్లలేదని నిలదీస్తే, మర్చిపోయానన్నాడట. చనిపోయేదాకా అదే మాట.

"మా నాన్న ఏదీ మర్చిపోయేవాడు కాదు, దీదీ," అంది, నా మొహంలోకి చూస్తూ.

నేను చేపల సంచి పట్టుకుని ఆటో ఎక్కేశాను.

బిడ్డ కోసం చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమే. కానీ ఆయన వెనక బిడ్డలు లేరా, ఊరంతా లేదా? నా పేరు ఎందుకు చెప్పలేదు? వాళ్ల మధ్య ఒంటరిగా బతికిన ఆడదాన్నని జాలిపడ్డాడా, లేక నా పేరు పలకడానికే అసహ్యమేసిందా? ఏది నిజమైనా నాకు భయమే.

ఆ అమ్మాయికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆయన మర్చిపోలేదు. ఆయన్ని ఆపింది నేను. రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.