జనరేటర్ ఆపాక మాట్లాడుకున్న ఏనుగులు

పదవీ విరమణకు ముందు సంవత్సరం, వేసవి మొదట్లో నన్ను కువైట్‌లోని అహ్మది నుంచి వఫ్రా తోటల వైపున్న ఒక ప్రైవేటు జంతుశాలకు పంపారు. చమురు రంగానికి పనిచేసే ఒక కాంట్రాక్టు సంస్థలో నేను అప్పుడు సీనియర్ వైబ్రేషన్ అనలిస్టును. పంపులకు, మోటార్లకు సెన్సర్ అతికించి, వాటి అదురు కొలిచి, ఏ బేరింగ్ పాడవబోతోందో ముందే చెప్పడం మా పని. ఏనుగు దగ్గరికి వెళ్లమనడం నా సర్వీసులో అదే మొదలు.

అక్కడ రెండు ఆడ ఏనుగులు ఉండేవి. పెద్దది నూరా, చిన్నది లులు. నూరా కాలికి పుండు పడితే దాన్ని ఆవరణ చివరి షెడ్డుకు మార్చారు. మధ్యలో గోడలు, గోదాములు, ఒకదానికొకటి కనిపించవు. షెడ్డును చల్లబరచడానికి పక్కనే పెద్ద డీజిల్ జనరేటర్ పెట్టారు. ఆనాటి నుంచి లులు మేత మానేసింది. దాన్ని వేరే దేశానికి పంపేయాలని యజమాని నిశ్చయించాడు. జనరేటర్ అదురే కారణమేమోనని అనుమానించిన ఈజిప్టు పశువైద్యుడు, ముందు కొలిపిద్దామని పట్టుబట్టి నన్ను రప్పించాడు.

లులును చూసుకునే ఓబులేసుది రాయచోటి. నేను తెలుగువాణ్ణని తెలియగానే దగ్గరికొచ్చాడు.

"మేత ముట్టడంల్యా సార్. పొద్దస్తమానం ఆ పక్కకే తిరిగి నిలబడుకోనుంటాది. ఇట్లాంటప్పుడు లారీ ఎక్కిస్తే బతకదు సార్."

రెండు చోట్లా నేలమీద సెన్సర్లు బిగించి, మైకులు పెట్టాను. మామూలుగా మేం మరీ తక్కువ పౌనఃపున్యాలను పనికిరాని అలజడిగా లెక్కగట్టి, ఫిల్టర్‌తో తీసేస్తాం. నేల అదురు మొత్తం చూడాలని డాక్టర్ కోరడంతో ఆ రోజు ఫిల్టర్ పెట్టలేదు. జనరేటర్ నడుస్తున్నంతసేపు తెరమీద దాని గీత ఒక్కటే నిటారుగా నిలబడింది: సెకనుకు ఇరవై అయిదు అదురులు. పోల్చి చూడటానికి దాన్ని ఆపమన్నాను.

ఆపగానే గీత పడిపోయింది. ఆ ఖాళీలో, అంతకంటే కిందుగా, ఇంకో అల లేచింది. నా చెవికి ఏమీ వినబడలేదు. కేబుల్ లోపమనుకుని మార్చాను. అల మళ్లీ లేచింది.

"సార్, దాని నుదురు సూడండి," అన్నాడు ఓబులేసు. "అదురుతాండాది."

లులు నోరు తెరవలేదు. తొండం ఎత్తలేదు. నుదుటి చర్మం మాత్రం సన్నగా కంపిస్తోంది. దాని కంచె ఇనుప కమ్మీ మీద చెయ్యి వేశాను. అదురు అరచేతిలోంచి పక్కటెముకల్లోకి పాకింది. తర్వాత లులు చెవులు విప్పార్చి, కదలకుండా నిలబడిపోయింది. అప్పుడు నూరా షెడ్డులోని మైకు మీద అల లేచింది. అది ఆగాక మళ్లీ ఇటు నుంచి. ఒకటి పలుకుతుంటే రెండోది ఆగుతోంది. నలభై ఏళ్లుగా యంత్రాల అదురు చదివిన నాకు, ప్రాణమున్న అదురు అలా ఎదురుపడేసరికి ఒళ్లు జలదరించింది.

"మాట్లాడుకుంటాండాయి కదా సార్?" అన్నాడు ఓబులేసు.

అవునన్నాను.

డాక్టర్ తెర చూసి అరబీలో ఒక్కటే మాట అన్నాడు, "ఖలాస్." ఇక చాలని. జనరేటర్ మళ్లీ వేయనివ్వలేదు. ఏనుగుల సంభాషణ చాలావరకు మనిషి చెవికి అందని లోతులోనే సాగుతుందనీ, అది మైళ్ల దూరం పోతుందనీ, నేలగుండా వచ్చే అదురును అవి పాదాలతోనూ పసిగడతాయనీ ఆయనే చెప్పాడు. ఆ లోతులోనే మోగుతూ జనరేటర్ వాటి మాటను ముంచేసింది. దాన్ని ఆవరణ బయటికి, అదురు నేలకు దిగకుండా రబ్బరు దిమ్మల మీదికి మార్పించాం. ఆ సాయంత్రమే లులు గడ్డి అందుకుంది. ప్రయాణం రద్దయింది. పుండు మానాక నూరాను తిరిగి లులు దగ్గరికే చేర్చారని ఓబులేసు ఫోన్ చేసి చెప్పాడు.

మా వృత్తిలో ఫిల్టర్ తప్పదు. అయితే ఒక శబ్దాన్ని అక్కర్లేనిదని తీసేసేముందు, అది ఎవరికి అక్కర్లేదో తేల్చుకోవాలి.