ఏజెంటు గారు ఊరికిచ్చిన బావి

ఆ రోజుల్లో అనంతపురంలో నాలాంటి బ్యాంకు గుమాస్తా అంటే చాలు, పిల్లనిస్తామని మనుషులు ఇంటిదాకా వచ్చేవాళ్ళు. రానిదల్లా నీళ్ళే. వానలు వరసగా మొగం చాటేసిన ఏళ్ళవి. మా వీధి కొళాయి తిప్పితే గాలి వచ్చేది (పిల్లలు దానికి నోరానించి ఈల వేసేవాళ్ళు). మునిసిపాలిటీ నీళ్ళ బండి కోసం ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టుకుని ఎండలో కూచునేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద మా ఇంటి ఓనరమ్మ. గాజుల అంగడి నడిపే ఆ ముసలమ్మను సాయిబుల పిల్లలే కాదు, వీధి వీధంతా ఖాలా (పిన్నమ్మ) అనే పిలిచేది. అద్దెకుండే నేనూ అట్లే పిలిచేవాణ్ణి.

మా ఏజెంటు (బ్యాంకు మేనేజరును అప్పుడట్లనేవాళ్ళు) ఊళ్ళో సగం కమిటీలకు అధ్యక్షుడు. ఆసుపత్రి కమిటీ, లైబ్రరీ కమిటీ, కరువు సహాయ సంఘం, యాడ కుర్చీ ఖాళీ అయితే ఆడ కూచునేవాడు. మిగిలిన పొద్దులో, బావమరిది పేరు మీద రాప్తాడు దారిలో కొన్న బీడును ప్లాట్లు వేసి అమ్మేవాడు. రాళ్ళకు సున్నం కొట్టించి, కంపచెట్లు నరికించి దానికొక ‘నగర్’ అని పేరు కూడా పెట్టినాడు. నీళ్ళు లేవని ఎవరూ కొనలేదు. అందుకని అక్కడ బావి తవ్వించి ఊరికి దానమిస్తానని ప్రకటించినాడు. ప్రారంభానికి కలెక్టరాఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తాడన్నారు. ఉపన్యాసం రాసే పని నా మీద పడింది. ‘ఈ బావిలో ప్రతి చుక్కా ఊరి ప్రజలది’ అని రాసుకుని, నా రాతకు నేనే కళ్ళు తుడుచుకున్నాను (అప్పుడట్లాంటి మనిషిని).

ప్రారంభం రోజు పొద్దున తోరణాలు కట్టడానికి సైకిలు మీద పోతే, బావి ఒడ్డున మా వీధికి రావాల్సిన నీళ్ళ బండ్లు నిలబడి ఉన్నాయి. బండివాళ్ళు డ్రమ్ములు ఎత్తి బావిలోకి వంపుతున్నారు. ఇదేమప్పా అంటే, కరువు సంఘం తరఫున ఏజెంటు సారే చెప్పినాడని, మొన్నటి నుంచి ఈడికే తోల్తాండామని చెప్పినారు. అంతలో ఏజెంటు గారే వచ్చినారు. నేను అడిగితే ఏమీ తడబడకుండా నా భుజం తట్టినారు.

“ఊట పడలేదప్పా. వచ్చే పెద్దమనుషులకు బండరాయి చూపిద్దామా? సంఘసేవలో ఇట్లాంటివి ఉంటాయి. నీకింకా తెలీదులే.”

ఆ మాటకు నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది. తోరణాలు ఆడనే పడేసి సైకిలు తొక్కుకుంటూ వీధికి వచ్చి ఖాలాకు అంతా చెప్పినాను. ఆమె మాత్రం నిమ్మళంగా కొంగు బిగించి బిందె ఎత్తుకుంది.

“ప్రతి చుక్కా ఊరిదని నువ్వే కదా రాసినావు బేటా. పద, తెచ్చుకుందాం.”

వీధి ఆడవాళ్ళందరినీ బిందెలూ చేదలతో వెంటబెట్టుకుని మేము చేరేసరికి ఏజెంటు గారు సరిగ్గా ఆ వాక్యమే చదువుతున్నారు. చప్పట్లు అయినాక ఖాలా ముందుకు పోయి, నిజంగా అంతా మాదేనా సార్ అని అడిగింది. పెద్దాయన పక్కనే ఉండగా కాదనేదెట్ల? మీదే తల్లీ అన్నారు ఏజెంటు గారు. అంతే, వీధి ఆడవాళ్ళంతా చేదలు దించినారు. మేళగాళ్ళకు ఆపమని ఎవరూ చెప్పలేదు, వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. పైకి మిలమిలలాడినా బావిలో ఉండేది మోకాటి లోతే. చూస్తుండగానే అడుగున బండ బయటపడింది, దాని మీద మునిసిపాలిటీ డ్రమ్ము మూత ఒకటి. పెద్దాయన వంగి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, జీపు తెమ్మన్నాడు.

మరుసటి రోజు ఏజెంటు గారి గదిలోకి పిలవకుండానే పోయినాను.

“మీరు ఆడోళ్ళ బిందెల్లో నీళ్ళు దొంగిలించినారు సార్” అన్నాను. బ్యాంకు మొత్తానికి వినపడింది.

ఆయన కోప్పడలేదు. నన్ను గోరంట్లకు బదిలీ చేయించినాడు. ప్రజల దాహం చూడలేక బావినే ఖాళీ చేయించిన దాత అని కరువు సంఘం చేత పూలదండ కూడా వేయించుకున్నాడు (అది విని గోరంట్లలో రెండు పూటలా అన్నం సయించలేదు నాకు). కానీ నీళ్ళ బండ్లు మళ్ళీ మా వీధికి వచ్చినాయి. ఆయన నగర్‌లో మేకలు తప్ప ఎవరూ కాపురం పెట్టలేదు.

తర్వాత నేనూ ఏజెంటునైనాను. రిటైరైనాక ఇళ్ళ స్థలాల సొసైటీ నడిపినాను, కమిటీల్లో కుర్చీలూ ఎక్కినాను. మొన్న నాకు సన్మానం చేసినారు. వక్త ఒకాయన, వీరు శాంతమూర్తి, జీవితంలో ఎవరి మీదా గొంతెత్తి ఎరగరు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ శాలువా సర్దుకుని దండం పెట్టినాను. ఆటోలో ఇంటికి వస్తుంటే తోచింది, ఏజెంటు గదిలో అరిచిన ఆనాటి బక్కపలచని గుమాస్తా గనక ఆ హాల్లో ఉండి ఉంటే లేచి నిలబడి, “ఎందుకెత్తలేదు సార్?” అని అడిగేవాడు. నాలో నేనే నవ్వుకున్నాను. శాలువా మాత్రం ఇల్లు చేరకముందే తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.