గుమ్మం బయట చెప్పులు

మాది కనిగిరి. ఐటీఐలో ఏసీ మెకానిక్ చదువుతుండగా, కాలేజీ ఒప్పందం మీద నన్ను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ట్రైనింగుకి పంపారు. అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే. పలకరించే దిక్కు లేదు.

బస్తాలెక్కాలి కనుక హమాలీలు చెప్పులు గుమ్మం బయటే విడిచేవారు. నాకు మాత్రం కంపెనీ బూట్లిచ్చింది. ఒక సాయంత్రం చల్లగది లోపల కూలింగ్ ఫ్యాన్ బాగుచేస్తుంటే తలుపు పడింది, లైట్లు ఆరిపోయాయి. ఆ చలిలో, మిర్చి ఘాటుకి దగ్గుతూ, చేతులు వాచేదాకా తలుపు బాదాను.

చివరికి హమాలీల మేస్త్రి తలుపు తీసి బిత్తరపోయాడు. "బయట చెప్పుల్లేవు గదమ్మా, ఎవరూ లేరనుకుని మూసేశా" అన్నాడు.

మర్నాటి నుంచి నా పాత చెప్పులు తెచ్చి వాళ్ల చెప్పుల పక్కన పెట్టి, బూట్లతో లోపలికెళ్లేదాన్ని. తలుపు మూసేముందు మేస్త్రి వాటిని చూసి, "పాపా, లోపలున్నావా?" అని కేకేసేవాడు.

ఆ ఊళ్లో నేనున్నానా లేనా అని అడిగిన మనిషి ఆ మేస్త్రి ఒక్కడే.