నల్లపొగ లెక్క

ఆ రోజుల్లో మాకు పోయినవి వరసగా చెప్పాలంటే నాలుగు ప్లగ్గులు, కార్బురేటర్ జెట్టు ఒకటి, వారానికి ఆరు లీటర్ల చొప్పున పెట్రోలు, పలకల సావుకారు తెల్లచొక్కా, నా నిద్ర (దీనికి కొలత దొరకలేదు). పలకరాతి గనులుండే మార్కాపురంలో మా అక్క మొగుడూ నేనూ కలిసి పాత కారొకటి కొని బాడుగకు తిప్పేవాళ్లం. తోలడం బావ పని, లెక్క చూడడం నా పని. సావుకారును వారానికొకసారి గిద్దలూరు తీసుకెళ్లి తీసుకురావడం ఒక్కటే మాకు నికరమైన బాడుగ. రానూపోనూ నూట నలభై కిలోమీటర్లు.

లీటరుకు పది ఇచ్చే బండి ఉన్నట్టుండి ఏడుకు దిగింది. వెనక నల్లపొగ, లోపల పెట్రోలు వాసన. ఇంజనుకు గాలి చాలక పెట్రోలు ఎక్కువవుతోందని మెకానిక్ జెట్టు మార్చాడు, స్క్రూ తిప్పాడు, మసిపట్టిన ప్లగ్గులు పారేశాడు. షెడ్డులో పొగ ఉండేది కాదు. మర్నాడు బాడుగకు బయల్దేరితే మళ్లీ మొదలు. నాలుగు వారాలు ఇదే వరస. "వచ్చే వారం గూడా ఇట్లనే పొగబెడితే నేను జీపు మాట్లాడుకుంటా" అన్నాడు సావుకారు. ఆ బాడుగ పోతే బండి అమ్ముకోవడమే.

ఐదో వారం కంభం దాటాక బండి దగ్గి దగ్గి ఆగింది. సావుకారు మసిపట్టిన తెల్లచొక్కాతో, ముక్కు మూసుకొని దిగాడు. విసిగిపోయి ఆ రోజు బానెట్ నేనే ఎత్తాను (అంతవరకు దాన్ని తుడవడానికి కూడా ముట్టుకోలేదు). గాలి లోపలికి పోయే గొట్టం మూతికి మా అక్క పాతచీర నాలుగు మడతలేసి బిగించి కట్టి ఉంది.

"ఏంది బావా ఇది?"

"పలకల దుమ్ము పోకుండా కట్టినా. గనిలో మనుషులు ముక్కుకు గుడ్డ కట్టుకోరా? దానిది మాత్రం ఊపిరి కాదా?"

"మరి మెకానిక్ ఒక్కసారీ చెప్పలేదే."

"ఆయప్పకు ఎట్ల కనపడుద్ది? షెడ్డుకు పోయేటప్పుడు విప్పుతా గదా. డాక్టరు దగ్గరికి మురికిగుడ్డతో పోతామా?"

సావుకారు ముక్కు మీంచి చెయ్యి తీశాడు. "బండి ఊపిరి మీదుండే ధ్యాస నా ఊపిరి మీద లేకపాయెనే అబ్బాయ్. విప్పండి, పోదాం" అన్నాడు. ప్లగ్గులు తుడిచి బిగించాం. గిద్దలూరు దాకా పొగ లేదు. బాడుగ నిలిచింది.

పోయిన పెట్రోలులో సగం తానిస్తానని బావ అప్పుడే ఒప్పుకున్నాడు. చిక్కు ధర దగ్గర వచ్చింది. అప్పటి ధర కట్టి రూపాయల్లో ఇస్తానంటాడు. పోయింది పెట్రోలు కాబట్టి లీటర్లలోనే కావాలంటాను నేను. ఆ కారు తుక్కుకు పోయి ఏళ్లయింది, ఇద్దరికీ జుట్టు నెరిసింది. ధర పెరిగినప్పుడల్లా ఫోన్ చేస్తాను (చేయడానికి వేరే సాకు కూడా తక్కువే). "ఇంకా ఎన్ని అంటావు?" అంటాడు అలసటగా. ఐదో వారం సగం దారిది వదిలేసి చెబుతాను. పన్నెండు లీటర్లు.